పటము నుండి పుస్తకము దాక: పిల్లలకు బొమ్మలలో చరిత్ర

పల్లెటూరి గ్రంథాలయమునకు వచ్చిన పిల్లవాడు పుస్తకము చేతికందగానే మొదటి పుట నుండి చదువ నారంభింపడు. చరచర పుటలు త్రిప్పును. ఎచ్చట బొమ్మ కనబడునో అచ్చట ఆగును. ఆ బొమ్మలో ఎవడైన గుఱ్ఱముమీద నుండి బోర్లపడుచుండినచో పకపక నవ్వును. ఎవడు పడెను, ఎందుకు పడెను అని ప్రక్కవానిని అడుగును. వానికిని తెలియనిచో అప్పుడు బొమ్మ క్రింది అక్షరములను కూడబలుకుకొనును. బల్లకు ఆవలివైపున వార్తాపత్రిక చదువుచున్న పెద్దలు తలయెత్తి “బొమ్మలు చూచుట చదువగునా?” అని గద్దింతురు. పుస్తకములు కొను సమయమున ఈ మాటయే మరియొక రూపమున వచ్చును. “ఒక పురాణ గ్రంథమున కగు వెలను ముప్పది రెండు పుటల బొమ్మల పుస్తకమునకు పోయనేల?” అందురు.

ప్రశ్న న్యాయమైనదే. గ్రంథాలయపు పైకము ఊరివారి పైకము. ప్రతి పైసకు లెక్క చెప్పవలసినదే. కాని దీనికి జవాబు వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చరిత్రయే జవాబు చెప్పును. పాత కథను బొమ్మలుగా గీసి, అందు సాహసమును నవ్వును కలిపి, అక్షరము రానివారికిని పసివారికిని చెప్పుట ఈ నేలమీద నిన్న మొన్న పుట్టిన వేడుక కాదు. అది తాతముత్తాతల నాటి విద్య. ఆ విద్య గుడ్డను విడిచి కాగితమునకు మారినప్పుడు దానిని గుర్తింపక పరాయిదానిగా చూచుటయే మనవారి పొరపాటు.

రాతిమీద గీసినది, రాతిమీద చెక్కినది

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలములో తిరుమలగిరి సమీపమున పాండవుల గుట్టలు కలవు. అచ్చటి రాతి గుహలలో ఆదిమానవులు గీసిన రంగు చిత్రములు ఉన్నట్లు 1990లో గుర్తింపబడినది. అడవిదున్న, జింక, పులి, చిరుత మొదలగు మృగములు, కొన్ని వింత గుర్తులు ఆ రాళ్లమీద కానవచ్చును. గీసినవాని పేరు లేదు. వాడు మాటలాడిన భాష లేదు. అయినను అయిదేండ్ల బిడ్డను ఎత్తుకొని ఆ బండ యెదుట నిలిపినచో “అదిగో జింక!” అని చెప్పును. వేలయేండ్ల క్రిందటి మనుష్యుడు చూపదలచినదానిని ఆ బిడ్డ చదివినట్లే కదా! తరువాతి జనులును ఆ గుట్టలను చూచి ఊరకుండలేదు. పాండవులు వనవాసకాలమున ఇచ్చట నివసించిరని కథ అల్లిరి. బొమ్మయున్న చోట కథ మొలచుట లోకస్వభావము.

మహబూబాబాదు జిల్లా బయ్యారములో మరియొక రాయి కలదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ అచ్చట పెద్ద చెరువు కట్టించెను. ధర్మకీర్తి సముద్రమని దానికి పేరు. ఆ చెరువు శాసనములో కాకతీయుల వంశక్రమము వెన్నభూపతి మొదలుకొని వ్రాయబడియున్నది. కాకతీయ రాజులకు పూర్వులెవ్వరను ప్రశ్నకు పండితులు ఈ శాసనమునే ముఖ్యముగా ఆశ్రయింతురు. అంతటి విలువగల రాయి అది. కాని ఆ కట్టమీద మేకలు తోలుకొని పోవు పిల్లవానికి అది వట్టి రాయియే. అక్షరము సత్యమును భద్రపరచును గాని, అక్షరము రానివానిని తనంతట తాను పిలువదు. బొమ్మ పిలుచును గాని, ఎవరు ఎప్పుడు ఏమిచేసిరను లెక్క తానొక్కతియే చెప్పజాలదు. ఈ రెంటిని కలుపుటకు నడుమ కథ చెప్పువాడొకడు కావలెను. ఆ కథకుని చేతిలోని పనిముట్టే పటము.

చేర్యాల పటము

చేర్యాల 2016 వరకు వరంగల్లు జిల్లాలోని ఊరు, జనగామకు పొరుగు. ఆ సంవత్సరపు జిల్లాల విభజనలో సిద్దిపేట జిల్లాలో చేరినది. అచ్చటి నకాషీ చిత్రకారులు తరతరములుగా కథాపటములు వ్రాయుచు వచ్చిరి. ముతక నూలుగుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురునీరు కలిపి మూడు పూతలు పూయుదురు. ఒక్కొక్క పూత ఆరిన పిమ్మటనే మరియొకటి. గుడ్డ బిరుసెక్కి పలకవలె అయిన తరువాత కుంచెతో నేరుగా గీతలు గీసి రంగులు నింపుదురు. వెనుకతలము చాలవరకు ఎఱ్ఱరంగు. దేవతల ముఖములకు నీలము, పసుపు, రాక్షసులకు చామనచాయ లేక అంతకంటె నలుపు, మానవులకు మేనిచాయ. రంగును చూచినంతనే మంచివాడెవడో చెడ్డవాడెవడో పిల్లలకు తెలిసిపోవును.

పటము వెడల్పు ఇంచుమించు మూడడుగులు. నిడివి నలుబది అడుగుల దాక ఉండును. ఆ నిడివి నంతయు అడ్డపట్టీలుగా విభజించి, పట్టీకి పట్టీకి నడుమ పూలతీగెల అంచు వేసి, ఒక్కొక్క పట్టీలో కథలోని ఒక్కొక్క ఘట్టమును వ్రాయుదురు. రాత్రివేళ ఊరి నడుమ పటమును వ్రేలాడగట్టి, చుట్ట విప్పుచు, కథకుడు కఱ్ఱతో బొమ్మను చూపుచు పాడును. ఒక ఘట్టము కాగానే మరియొక పట్టీ దిగును. నేటి కామిక్సు పుస్తకమును తెరచి చూడుడు. పుటను గడులుగా విభజించుట, గడికొక ఘట్టము, గడికి గడికి నడుమ గీత, మంచివానికొక రూపము దుష్టునికొక రూపము. చేర్యాల పటములో లేనిది ఒక్కటే. పాత్రల నోటినుండి బుడగవలె లేచు మాటల గూడు. పటమునకు ఆ మాటల గూడు కథకుని నోరే.

పటమునకు కథకులు ఒక్కరు కారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పుదురు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయుని, భావనాఋషిని గూర్చిన కథ చెప్పుదురు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణము చెప్పుదురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు పటమునకు బదులు కొయ్యబొమ్మలు చూపుదురు. ఆ బొమ్మలును చేర్యాల నకాషీలు చేసినవే. ఈ విధముగా ఒక్కొక్క కులమునకు తన పుట్టుకను గూర్చిన కథ, ఆ కథకొక పటము, పటమునకొక కథకుడు. రాజుల వంశమును శాసనము చెప్పినది. కష్టజీవుల వంశమును పటము చెప్పినది. పటము చినిగి పనికిరానిదైనప్పుడు దానిని పారవేయక, పూజచేసి నదిలో విడుచు ఆచారము కలదు. పుస్తకమునకు అంతకు మించిన గౌరవము ఏ గ్రంథాలయము చేయగలదు?

నవ్వునకు చోటు

కథ పెద్దది, రాత్రి పొడవైనది. పసివారు నిద్రపోకుండ కూర్చుండవలెనన్నచో నవ్వు కావలెను. ఈ సంగతి తెలుగు కథకులందరికి తెలియును. బుఱ్ఱకథలో ఇద్దరు వంతలలో ఒకడు హాస్యమునకే నియమింపబడును. తోలుబొమ్మలాటలో శ్రీరాముడు రాకముందే జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి కయ్యమాడిపోవుదురు. చిందు భాగవతములో బుడ్డరఖాను లేనిదే ఆట రక్తికట్టదు. గంభీరమైన కథకు ఈ నవ్వు మచ్చ కాదు. కూరలో ఉప్పువంటిది.

పండితుల కావ్యములు మాత్రము దీనికి దూరమని తలపరాదు. జనగామ జిల్లా పాలకుర్తివాడైన సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఆనాటి బొమ్మలాటలను, పామరుల ఆటపాటలను శ్రద్ధగా వర్ణించెను. అంతటి శివకవికి జనుల వినోదము హేయముగా తోపలేదు. దానికి సమీపమునందలి బమ్మెర గ్రామము పోతనామాత్యునిదని ప్రసిద్ధి. ఆయన భాగవత దశమస్కంధములో గోపికలు యశోద ఇంటికి వచ్చి చిన్నికృష్ణుని ఆగడములు ఏకరువు పెట్టు ఘట్టమును విని నవ్వని తెలుగువాడుండడు. మోక్షమునకు దారిచూపు గ్రంథములోనే వెన్నదొంగకు అంత చోటున్నప్పుడు, చరిత్ర చెప్పు పిల్లల పుస్తకములో నవ్వునకు చోటు లేదనుట ఏమి న్యాయము?

ఖిలాషాపురపు కథ

ఇక సాహసమును హాస్యమును కలిసిన చరిత్ర ఈ ప్రాంతమున కలదా అని అడుగుదురేమో. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపురపు రాతికోటను చూచినవారు ఆ ప్రశ్న అడుగరు. అది సర్వాయి పాపన్న కోట. తాటికొండ గుట్టమీది కోటను గూడ జనులు పాపన్న పేరనే చెప్పుకొందురు. ఆయన గాథను మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాను పారశీకములో వ్రాసెను. జనులు పాటగా పాడుకొనిరి. ఆ పాటను గూర్చి బాయిలు అను ఇంగ్లీషు విద్వాంసుడు 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో ప్రకటించెను. రిచర్డ్ ఈటన్ అను చరిత్రకారుడు 2005లో వెలువడిన తన దక్కను సాంఘిక చరిత్రలో ఈ రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి ఒక అధ్యాయము వ్రాసెను. చరిత్రకారుని దృష్టిలో పాపడు దోపిడికాడు. పాట దృష్టిలో పాపన్న వీరుడు.

కథ కల్లుతో మొదలగును. గీతవృత్తి కుటుంబములో పుట్టిన పాపన్న తాడెక్కుట మాని కత్తి పట్టెను. చరిత్రకారుడు చెప్పినదాని ప్రకారము ఆయన మొదట దోచినది పరాయివారి ఇల్లు కాదు, కలిగినదైన తన అక్కగారి ఇల్లే. ఆ ధనముతో మనుష్యులను చేర్చెను. కొంతకాలము కౌలాసు జమీందారు వేంకటరావు కొలువులో చేరెను. అచ్చటను పాత అలవాటు మానకపోవుటచే చెఱసాలలో పడెను. అంతలో జమీందారు కుమారునకు జబ్బుచేసెను. బిడ్డ బాగుపడవలెనని జమీందారిణి పుణ్యమునకై ఖైదీలనందరిని విడిపించెను. ఆ పుణ్యములో పాపన్నయు బయటపడెను. ఆమె బిడ్డకొఱకు చేసిన దానము గోలకొండ సుబాకు తలనొప్పి యైనది.

షాపురము చేరి కోట కట్టెను. కొలనుపాక ఫౌజుదారు కాసింఖాను పట్టబోయి తానే ప్రాణము విడిచెను. హైదరాబాదు నాయబు సుబేదారు రుస్తుందిల్‌ఖాను ముట్టడించి కోటను పడగొట్టెను. పాపన్న తప్పించుకొనిపోయి, సేన మరలిపోగానే తిరిగివచ్చి మరింత గట్టి కోట కట్టుకొనెను. ఆయన వెంట నడచిన వారిలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల మొదలగు వృత్తులవారును తురకలును ఉండిరని పాట చెప్పును. ఆ కాలమున అట్టివారికి కత్తి ఇచ్చి గుఱ్ఱమెక్కించిన నాయకుని పాట పుట్టుటలో వింత లేదు.

ఔరంగజేబు 1707లో మరణించెను. రాజ్యము కొడుకుల కలహములో పడెను. పాపన్న సమయము చూచెను. 1708 మార్చి 31వ తేది రాత్రి, మొహరము పదవనాటి ముందు రేయి, వరంగల్లు ప్రజలు పండుగ సంరంభములో ఉండగా, రెండు మూడు వేల కాల్బలముతో, నాలుగైదు వందల గుఱ్ఱములతో వచ్చి చేరెను. కొందరు దారులు కట్టిరి. కొందరు కోటగోడలకు త్రాళ్లు విసరి ఎక్కిరి. తెల్లవారునప్పటికి వరంగల్లు ఆయన చేతిలో నుండెను. రెండు మూడు దినములు ధనము, వస్త్రములు మోసిరి. వరంగల్లు తివాచీలు పేరుపడినవి. అవి మోయుటకు మిక్కిలి పెద్దవగుటచే సైనికులు వానిని ముక్కలు ముక్కలుగా కోసి పంచుకొనిరి. ఏండ్ల తరబడి మగ్గముమీద నేసిన పూలతోటను ఒకడు పువ్వును, ఒకడు కొమ్మను, ఒకడు అంచును భుజాన వేసుకొని పోవుచుండగా చూచినవారు నవ్విరో ఏడ్చిరో!

మరుసటి సంవత్సరము జనవరిలో బహదూర్‌షా చక్రవర్తి హైదరాబాదు వచ్చెను. దోచినవాడే ఆయన దర్బారుకు పోయి పదునాలుగు లక్షల రూపాయలు కానుకగా ఇచ్చెను. సేనకు భోజనసామగ్రి ఇచ్చెను. చక్రవర్తి సంతసించి గౌరవవస్త్రము కప్పెను. నిన్నటి దొంగ నేటి దొర అయ్యెను. ఆ మర్యాదను కన్నులార చూచి పెద్దలు ముక్కుమీద వ్రేలు వేసుకొనిరి. వారి మొర విని చక్రవర్తి మనసు మార్చుకొని, పాపన్నను పట్టుటకు కొత్త సుబేదారు యూసుఫ్‌ఖానును నియమించెను.

ఆ పైని వింత మరియొకటి. పాపన్న చెఱలో ఒక ఫౌజుదారు ఉండెను. అతడు పాపన్నకు బావమరిది. పాపన్న వేరొక కోటను ముట్టడింప పోయియుండగా, ఆయన భార్య తన అన్నదమ్ముని ప్రేమచే అన్నములో ఆకురాళ్లు దాచి చెఱసాలకు పంపెను. ఖైదీలు సంకెళ్లు కోసికొని బయటపడి కోటను స్వాధీనము చేసికొనిరి. ఇతరుల కోటలకు త్రాళ్లు విసరినవాడు తన కోట వాకిటనే బయట నిలువవలసి వచ్చెను. ఆ తరువాత తరికొండ కోటలో నెలల తరబడి పోరాడి, తనవారు కొందరు జీతమునకాశపడి ఎదిరిపక్షమున చేరగా, గాయపడి మారువేషమున తప్పించుకొనెను. తుదకు ఒక ఊరి కల్లుదుకాణములో కూర్చుండగా, కల్లు పోయువాడు ఆయనను గుర్తుపట్టెను. కబురు బావమరిదికి చేరెను. 1710లో పాపన్న తల ఢిల్లీకి పోయెను. కల్లుతో మొదలైన కథ కల్లుముంత వద్దనే ముగిసెను.

నవ్వు ఆగవలసిన చోటు

ఇంతవరకు పిల్లవాడు కన్నార్పక వినును. కాని ఇందు ఒక పుట కలదు. వరంగల్లు దోపిడిలో ధనముతో బాటు ఆడువారును పిల్లలును బందీలైరి. వరంగల్లు ఖాజీ షా ఇనాయతు భార్యయు, చిన్న కుమార్తెయు వారిలో నుండిరి. ఆ పసిపిల్లను ఆటకత్తెల మేళములో చేర్చిరని చరిత్రలో ఉన్నది. చక్రవర్తి ఎదుట మొరపెట్టుకొన్నవారిలో ముఖ్యుడు ఆ తండ్రియే. ఇచ్చట నవ్వు ఆగవలెను.

వీరుని కథ చెప్పువారు ఈ పుటను చింపివేయుదురు. దొంగ కథ చెప్పువారు ఈ పుటనొక్కదానినే చూపుదురు. రెండును అన్యాయమే. లెక్కల చిట్టాలో జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క ఉన్నప్పుడే నిలువ తేలును. ఒక ప్రక్కను తుడిచివేసిన చిట్టా చిట్టా కాదు. పాలించు వారి దౌష్ట్యమును ఎదిరించి పనివాండ్రకు తలయెత్తు ధైర్యము ఇచ్చిన పాపన్నను బిడ్డకు చూపవలెను. ఆ పాపన్నవలననే ఒక తండ్రి కన్నీరు కార్చెనని గూడ చూపవలెను. అట్లు చూపుటకు శాసనభాష పనికిరాదు. పెద్ద గ్రంథము పిల్లవాని చేతికి బరువు. మూడు గడులలో నవ్వించి నాలుగవ గడిలో మాటలు లేని ఒక తండ్రి ముఖము చూపగల బొమ్మల కథకే అది సాధ్యము.

కాగితము మీదికి వచ్చిన పటము

లోకమున ఇతరులు ఈ మార్గమును ఎట్లు త్రొక్కిరో చూడదగును. ఫ్రాన్సు దేశములో 1959లో రెనే గొసిన్నీ రచనతో, అల్బేర్ ఉదెర్జో బొమ్మలతో ఆస్టెరిక్స్ అను కథ మొదలైనది. క్రీస్తు పూర్వము 50 ప్రాంతమున రోమువారి వశము కాని ఒక చిన్న పల్లె కథ అది. నిజ చరిత్రలో ఆ దేశపు వీరుడు వెర్సింజెటొరిక్స్ క్రీస్తు పూర్వము 52లో సీజరుకు లొంగిపోయెను. ఓడిన జాతి తన ఓటమిని నవ్వుగా మార్చుకొనెను. ఆ పల్లెవారు మంత్రపు పానకము త్రాగి సేనలను తన్ని తరుముదురు. ఎముకలు విరుగును గాని ఒక్క ప్రాణము పోదు. ఆ పుస్తకములను చదివిన పిల్లలు సీజరు ఎవరో, రోము ఎక్కడో తామై వెదకికొందురు. గుట్టమీద చిన్న కోట, ఎదుట మహాసామ్రాజ్యము, ఒక పానీయము! ఖిలాషాపురమున కల్లుముంత ఉన్నది, అంతే భేదము.

మన దేశములో అనంత పై 1967లో అమర చిత్రకథను ప్రారంభించెను. ఢిల్లీ టెలివిజనులో పిల్లల ప్రశ్నోత్తరముల పోటీ జరుగుచుండగా, గ్రీకు దేవతలను గూర్చి తడుముకొనక చెప్పిన పిల్లలు శ్రీరాముని తల్లి ఎవరని అడిగినప్పుడు నీళ్లు నమిలిరి. అది చూచి కలిగిన బాధయే ఆ పుస్తకములకు మూలము. పురాణపురుషులు, రాజులు, సాధువులు వందల సంఖ్యలో ఆ పుటలలో నిలిచిరి. తెలుగులోను వెలువడిరి. తెనాలి రామకృష్ణుడు, బీర్బలు వంటి కథలు తప్ప అందు భక్తి ఎక్కువ, నవ్వు తక్కువ. ఆ వీరులు చాలమంది మచ్చలేని వారుగా కానవత్తురు. పిల్లవాడు వారికి నమస్కరించును గాని వారితో ఆడుకొనడు.

తెలుగువారు మాత్రము వెనుకబడలేదు. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో బాల పత్రిక స్థాపించిరి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జులైలో చందమామను వెలువరించిరి. పుట పుటకు బొమ్మ, బొమ్మ ప్రక్క సరళమైన తెలుగు. ఎన్ని గ్రామములలోనో ఆ పత్రికయే రెండవ బడి అయినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారుడు బుజ్జాయి అను పేర డుంబు అను పిల్లవాని బొమ్మల కథ నడిపి నవ్వించెను. చందమామ ఇప్పుడు ఆగిపోయినది. దాని పాత సంచికలు ఉన్న గ్రంథాలయములు వానిని బీరువాలో తాళమువేసి దాచుకొనుచున్నవి.

ముక్కలైన తివాచీ

పటము స్థితి ఏమి? చేర్యాలలో ఈ విద్య తెలిసిన కుటుంబములు ఇప్పుడు కొద్దియే. వారి చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది, పేరు వచ్చినది. అయినను నలుబది అడుగుల పటము వ్రాయించువారు అరుదు. రాత్రంతయు కథ వినువారు లేనిచో కథకునకు పటమేల? కావున చిత్రకారులు ఒక్కొక్క ఘట్టమును చిన్న పలకగా, ముఖములను గోడకు తగిలించు బొమ్మలుగా వ్రాసి అమ్ముకొని బ్రతుకుచున్నారు. తప్పు వారిది కాదు. కడుపునకు అన్నము కావలెను. కాని పట్టణపు ఇంటి గోడమీద ఒంటరిగా వ్రేలాడు ఆ బొమ్మకు ముందేమి జరిగెనో, తరువాత ఏమి జరిగెనో చెప్పువాడు లేడు. వరంగల్లు తివాచీకి పట్టిన గతియే దానికిని పట్టినది. పువ్వు ఒకరింట, అంచు ఒకరింట.

బొమ్మల కథ పుస్తకము ఆ ముక్కలను మరల వరుసగా కుట్టు సూది. పటములోని వరుసను, కథకుని మాటను, వంతగాని నవ్వును అది ఒక్కచోట చేర్చగలదు. చేర్యాల రంగులలో పాపన్న కథ, బయ్యారము చెరువు కథ పుస్తకముగా వచ్చినచో ఈ జిల్లాల బిడ్డలకు కలుగు మేలు ఇంతింతనరాదు. అది వచ్చువరకు ఉన్న పుస్తకములనైన తెచ్చి పెట్టవలెను.

గ్రంథాలయము చేయదగిన పని

తెలంగాణమున గ్రంథాలయములు వట్టి కాలక్షేపమునకు పుట్టినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపించిన పెద్దలు, తెలుగు చదువునకే ఆదరము లేని దినములలో జనులను పుస్తకము వద్దకు పిలిచిరి. నాడు పిలువవలసినది తెలుగు రాని పెద్దలను. నేడు పిలువవలసినది చేతిలోని తెరపై పరుగెత్తు బొమ్మలకు అలవడిన పిల్లలను. తెరమీది బొమ్మ తాను పరుగెత్తును, పిల్లవానిని నిలువనీయదు. పుస్తకములోని బొమ్మ నిలిచియుండును, పిల్లవాడే నడువవలెను. ఒక గడి నుండి మరియొక గడికి నడుమ ఏమి జరిగెనో వాడే ఊహించుకొనవలెను. ఆ ఊహయే చదువునకు తొలిమెట్టు.

రజతోత్సవ సమయమున గ్రంథాలయమువారు తలపెట్టదగిన పనులు మూడు. బొమ్మల పుస్తకములకు పిల్లల ఎత్తునకు అందునట్టి అఱను ఏర్పరచుట మొదటిది. ఆ అఱలోని ప్రతి చరిత్ర కథకు ప్రక్కనే, అదే విషయముపై పెద్దలు చదువు పుస్తకము నొకదానిని నిలుపుట రెండవది. నవ్వి వచ్చినవాడు నిజము వెదకుకొనుటకు దారి చూపవలెను గదా. మూడవది అన్నిటికంటె ముఖ్యము. నెలకొక సాయంకాలము ఊరి వృద్ధులలో కథ చెప్పగలవారిని పిలిచి పిల్లల నడుమ కూర్చుండబెట్టుట. పటమునకు కథకుడు ఎట్టివాడో పుస్తకమునకు ఊరి పెద్ద అట్టివాడు. బొమ్మలో గుఱ్ఱముమీద నుండి పడుచున్నవాడెవడని పిల్లవాడు అడిగినప్పుడు, గద్దించుటకు బదులు కండ్లద్దాలు సవరించుకొని “వాడా? వాని కథ చాల పెద్దది, వినుము” అనగల పెద్దవాడు బల్లకు ఆవలివైపున ఉండవలెను.

అట్టి పెద్దవారున్న గ్రంథాలయములో బొమ్మల పుస్తకమునకు పోసిన వెల వృథా కాదు. దానికి లెక్క అడిగినవారికి, ఇరువది యైదేండ్ల తరువాత జరుగబోవు స్వర్ణోత్సవమున అదే బల్లవద్ద పెద్ద గ్రంథము తెరచి కూర్చుండిన నేటి పిల్లవానిని చూపినచో చాలును.